మూడు నుంచి ఆరేళ్ల పిల్లల నమోదు: ఒక్కో నివేదికలో ఒక్కో అంకె, మండల స్థాయిలో ఐదేళ్ల ధోరణి ఎలా లెక్కగట్టాలి?

ప్రశ్న: బాల్యవిద్య_స్కాలర్

అందరికీ నమస్కారం. పూర్వ ప్రాథమిక విద్యలో నమోదు ధోరణి మీద పరిశోధనా వ్యాసం సిద్ధం చేస్తున్నాను. పరిధి ఒక గ్రామీణ మండలం. అందులో నలభై వరకు అంగన్‌వాడీ కేంద్రాలు, మండల కేంద్రంలో నాలుగైదు ప్రైవేటు బడులు ఉన్నాయి. ఇద్దరు క్షేత్ర పరిశోధకులు, ఆరు వారాల సమయం.

ప్రచురితమైన అంకెల దగ్గరే చిక్కు మొదలవుతోంది. అసర్ (వార్షిక విద్యాస్థితి నివేదిక) 2024 గ్రామీణ నివేదిక ప్రకారం దేశంలో మూడేళ్ల పిల్లల్లో 77.4 శాతం, నాలుగేళ్లవారిలో 83.3 శాతం, ఐదేళ్లవారిలో 71.4 శాతం ఏదో ఒక పూర్వ ప్రాథమిక కేంద్రంలో ఉన్నారు. బడుల నుంచి కేంద్ర విద్యాశాఖ సేకరించే యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల్లో పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్లు) స్థూల నమోదు నిష్పత్తి 41.5. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ఐదేళ్ల పిల్లల్లో ప్రీ ప్రైమరీకి వెళ్లినవారు 13.6 శాతమే అంటోంది. మూడూ ఒకే దేశం గురించి, దాదాపు ఒకే కాలం గురించి చెబుతున్నాయి.

నా ప్రశ్నలు మూడు. వీటిలో ధోరణికి దేన్ని ఆధారం చేసుకోవాలి? మండలానికి ఐదేళ్ల వెనకటి లెక్క ఎలా రాబట్టాలి? అంగన్‌వాడీ, ప్రైవేటు ఎల్కేజీ పిల్లల నేర్పును పోల్చాలంటే ఏ పద్ధతి నిలబడుతుంది?

---

జవాబు: జనాభా_లెక్కలు

మూడు అంకెలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏ ప్రశ్నకు ఏది జవాబో తెలిస్తే గందరగోళం చాలావరకు పోతుంది.

అసర్ ఇంటింటి సర్వే. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు, అంటే జిల్లాకు 600 ఇళ్లు. పల్లెలు మాత్రమే. ఇంట్లోవాళ్లను ‘ఈ బిడ్డ ఎక్కడికి వెళ్తోంది’ అని అడుగుతారు, అంగన్‌వాడీ కూడా జవాబుల్లో ఒకటిగా ఉంటుంది. ఐదేళ్లవారిలో 71.4 శాతం ప్రీ ప్రైమరీలో ఉన్నారంటే మిగతా 28.6 శాతం ఇంట్లో కూర్చున్నారని అర్థం కాదు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఒకటో తరగతిలో ఉన్నారు.

కుటుంబ ఆరోగ్య సర్వే 13.6 కూడా ఐదేళ్లవారిదే. కానీ అది 2019-20 విద్యా సంవత్సరంలో ప్రీ ప్రైమరీ ‘బడి’కి హాజరైనవారి లెక్క. ఆ వయసులో చాలామంది ఒకటో తరగతికి వెళ్లిపోయి ఉంటారు. ఇక అంగన్‌వాడీని మన ఇళ్లలో ఎవరూ బడి అనరు, ‘సెంటరుకు పోతాడు’ అంటారు. అడిగే తీరును బట్టి అంకె ఇంతగా పడిపోతుంది. దీన్ని మొత్తం భాగస్వామ్యానికి కొలమానంగా వాడకండి.

యూడైస్ ప్లస్‌లో పైన ఉన్న సంఖ్య బడుల నుంచి వస్తుంది, కింద ఉన్న సంఖ్య ఆ వయసు పిల్లలందరిదీ. యూడైస్ కోడ్ లేని ప్లే స్కూళ్లు, బడి ఆవరణలో లేకుండా విడిగా నడిచే అంగన్‌వాడీలు పై సంఖ్యలోకి రావు. 41.5 అందుకే. ప్రీ ప్రైమరీ వరకు ఈ నిష్పత్తితో ధోరణి గీస్తే, పిల్లలు పెరిగారా తగ్గారా అన్నదానికన్నా ఎన్ని కేంద్రాలు ఆ వ్యవస్థలోకి వచ్చాయన్నదే కనిపిస్తుంది.

జాతీయ ధోరణికి ఒకే మూలం కావాలంటే అసర్‌నే తీసుకోండి. ప్రశ్న మారలేదు, పద్ధతి మారలేదు. ప్రీ ప్రైమరీలో ఉన్న మూడేళ్లవారు 2018లో 68.1 శాతం, 2022లో 75.8, 2024లో 77.4. నాలుగేళ్లవారు 76, 82, 83.3. ఐదేళ్లవారు 58.5, 62.2, 71.4. వీటి పక్కనే ఇంకో వరస పెట్టుకోండి: ఒకటో తరగతిలో ఐదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్నవారు 25.6, 22.7, 16.7 శాతం. ఐదేళ్లవారి ప్రీ ప్రైమరీ పెరుగుదలలో పెద్ద భాగం ఇంటినుంచి కొత్తగా వచ్చింది కాదు, ఒకటో తరగతికి తొందరపడి పంపడం తగ్గినందువల్ల వచ్చింది. అసలు విస్తరణ చూడాలంటే మూడేళ్లవారి వరస చూడండి. అది 2018, 2022 మధ్య గట్టిగా పెరిగి ఆ తర్వాత నెమ్మదించింది.

మీ మండలానికి మాత్రం అసర్ పనికిరాదు. 600 ఇళ్లలో మూడేళ్ల పిల్లలు పదుల సంఖ్యలోనే దొరుకుతారు. జిల్లాకే ఆ అంకె ఊగుతుంది, మండలానికి అసలు విడదీయలేరు.

ఐదేళ్ల వరస గీసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త.

మొదటిది 2022-23 గీత. ఆ ఏడాది నుంచి యూడైస్ ప్లస్ ఒక్కో విద్యార్థి పేరుతో లెక్క తీసుకుంటోంది. అంతకుముందు బడి మొత్తంగా ఇన్నిమంది అని రాసేవారు. పేర్లు వచ్చేసరికి రెండేసి చోట్ల ఉన్నవి రాలిపోయాయి. 2021-22 నుంచి 2022-23కు కనిపించే తగ్గుదలలో ఎంత నిజమో ఎంత శుభ్రపరచడమో విడదీయడం మీ వల్ల కాదు. గ్రాఫులో అక్కడ గీతను తెంపండి, కలపకండి.

రెండోది హారం, అంటే నిష్పత్తిలో కింద ఉండే సంఖ్య. మన రెండు రాష్ట్రాల్లోనూ పుట్టేవారే తగ్గుతున్నారు. కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో సంతాన సాఫల్య రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఉదాహరణకు ఒక ఊళ్లో 60 మంది పిల్లలున్నప్పుడు కేంద్రంలో 50 మంది, ఇప్పుడు 48 మందిలో 40 మంది ఉన్నారనుకోండి. రిజిస్టరు చూస్తే ఐదోవంతు పడిపోయింది. నిష్పత్తి మాత్రం రెండుసార్లూ 83.3 శాతమే. ‘అంగన్‌వాడీలు ఖాళీ అవుతున్నాయి’ అనే వార్తల్లో సగం ఇక్కడే తప్పటడుగు వేస్తాయి.

మూడోది ఆ హారాన్ని ఎక్కణ్ణుంచి తెస్తారన్నది. జనన నమోదు పుట్టిన చోట జరుగుతుంది, తల్లిదండ్రులు ఉండే చోట కాదు. ఏరియా ఆసుపత్రి ఉన్న పట్నంలో జననాలు పోటెత్తుతాయి, చుట్టూ ఉన్న ఊళ్లలో సున్నాలు కనిపిస్తాయి. పైగా తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మన ఆనవాయితీ. కాబట్టి జనన నమోదు పట్టికతో ఊరి హారం కట్టొద్దు. ఏఎన్‌ఎం దగ్గరుండే తల్లీబిడ్డల జాబితా, అంగన్‌వాడీ కుటుంబ సర్వే రిజిస్టరు, మీ సొంత ఇళ్ల జాబితా ఈ మూడింటినీ ఎదురెదురుగా పెట్టి సరిచూడండి.

సరిచూడటానికి ఒక మోటు లెక్క: జనన రేటు వెయ్యికి సుమారు 16 అనుకుంటే 800 జనాభా ఉన్న కేంద్రం పరిధిలో ఏడాదికి 13 మంది పుడతారు. మూడు, నాలుగు, ఐదేళ్లవారు కలిపి 38 మంది చుట్టుపక్కల ఉండాలి. అదే జనాభాకు రిజిస్టరులో 60 మంది కనిపిస్తే పరిధి తప్పైనా అయ్యుండాలి, పేర్లు తప్పైనా అయ్యుండాలి.

---

జవాబు: సెక్టార్_సూపర్‌వైజర్

పైన చెప్పినదంతా సరైనదే. క్షేత్రంలో రిజిస్టరు ఎలా తయారవుతుందో కూడా తెలియాలి, లేకపోతే మంచి పద్ధతి కూడా చెడ్డ అంకెనే ఇస్తుంది.

అంగన్‌వాడీలో పేరు ఉండటం, బిడ్డ రావడం, బిడ్డ అక్కడ నేర్చుకోవడం మూడూ వేరువేరు. పోషకాహారం కోసం పేరు ఉంటుంది. అదే బిడ్డ పొద్దున వ్యాన్ ఎక్కి మండల కేంద్రంలో ఎల్కేజీకి వెళ్తుంది. దీన్ని మోసం అనుకుని మొదలుపెడితే టీచర్ మీకు ఏదీ చెప్పదు. గుడ్డు, పాలు, బరువు తూచడం, టీకాలు ఇవన్నీ ఆ పేరుతోనే ముడిపడి ఉన్నాయి. తల్లులు పేరు తీసేయనివ్వరు. వాళ్ల వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు కూడా.

కాబట్టి రెండు పక్కల రిజిస్టర్లు కూడితే వచ్చే సంఖ్య ఎప్పుడూ నిజం కన్నా ఎక్కువ. ఒక కేంద్రం పరిధి ఉదాహరణగా తీసుకుందాం. ఇంటింటికీ తిరిగితే మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది తేలారు. అంగన్‌వాడీ రిజిస్టరులో 29, ప్రైవేటు నర్సరీ, ఎల్కేజీ, యూకేజీల్లో 17, ఒకటో తరగతిలో 5. కూడితే 51, అంటే 127.5 శాతం. పేర్లు జతపరిస్తే అంగన్‌వాడీలో ఉన్న 29 మందిలో 11 మంది ప్రైవేటులోనూ, ఇద్దరు ఒకటో తరగతిలోనూ ఉన్నారు. అసలు లెక్క: అంగన్‌వాడీ మాత్రమే 16, ప్రైవేటు 17, ఒకటో తరగతి 5, ఎక్కడా లేనివారు 2. అంటే 40, 42.5, 12.5, 5 శాతం. ‘నమోదు 127 శాతం’ అన్న కేంద్రంలో నిజంగా చదివేది పదహారు మంది.

పేర్లు జతపరచడమే అసలు కష్టమంతా. అంగన్‌వాడీ రిజిస్టరులో చిన్ని, బన్నీ, చిట్టి లాంటి ముద్దు పేరు ఉంటుంది. ప్రైవేటు బడిలో ఇంటిపేరు పొడి అక్షరంతో, ఇంగ్లిష్‌లో, తండ్రి పేరుతో ఉంటుంది. లక్ష్మి, లక్ష్మీ వేర్వేరు మనుషులుగా లెక్కకొస్తారు. బిడ్డ పేరుతో జతపరచకండి. తల్లి పేరు, పుట్టిన నెల, సంవత్సరం, వీధి లేదా తండా ఈ మూడూ కలిస్తే దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. ఆధార్ నంబరు అడగవద్దు. అది మీకు అవసరం లేదు, అడిగిన మరుక్షణం ఇల్లు తలుపేసుకుంటుంది. జత కుదిరాక ఒక కోడ్ ఇచ్చి పేర్ల కాగితాన్ని విడిగా తాళంలో పెట్టండి.

పుట్టిన తేదీ మరో చిక్కు. బడి రిజిస్టరులో జూన్ పుట్టినరోజులు గుట్టగా కనిపిస్తాయి. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి వయసు సరిపోయేలా అక్కడో తేదీ వేసేస్తారు. పన్నెండు నెలలకూ పట్టిక వేసి చూడండి. జూన్‌లో పన్నెండో వంతు కన్నా బాగా ఎక్కువ ఉంటే ఆ రిజిస్టరు వయసును నమ్మకండి. ఇంట్లో తల్లీబిడ్డల రక్షణ కార్డు అడగండి. టీకాల తేదీలు వరసగా ఉంటాయి కాబట్టి అందులో పుట్టిన తేదీ తప్పే అవకాశం చాలా తక్కువ.

హాజరు చూడాలంటే తలలు లెక్కపెట్టాల్సిందే, అదీ రెండుసార్లు. పదిన్నరకు ఒకసారి, భోజనం వడ్డించే వేళకు ఒకసారి. రెండో లెక్క ఎప్పుడూ పెద్దది. పదిన్నరకు ఉన్నవారే ప్రీస్కూల్ పిల్లలు, మధ్యాహ్నం వచ్చి తిని వెళ్లేవారు పోషకాహార లబ్ధిదారులు. ఒక్కో కేంద్రానికి వేర్వేరు వారాల్లో, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వెళ్లండి. సెక్టార్ మీటింగ్ రోజు, టీకాల రోజు వదిలేయండి, ఆ రోజుల్లో ఆయా ఒక్కతే ఉంటుంది. చిన్న ఆవాసాలకు ఇచ్చిన మినీ కేంద్రమైతే ఆయా కూడా ఉండదు. వంట, రిజిస్టర్లు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపడం, ఆటపాటలు అన్నీ ఒక్క మనిషే. మెయిన్, మినీ కేంద్రాలను ఒకే గంపలో కలిపి సగటు తీయకండి.

కాలం కూడా చూసుకోండి. జూన్, జూలైల్లో పిల్లలు ఇటూ అటూ కదులుతూ ఉంటారు. సెప్టెంబరుకు స్థిరపడతారు. మీది వలసల ప్రాంతమైతే సంక్రాంతి లోపే పని ముగించాలి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు పిల్లలతో సహా కదిలిపోతాయి. ఫిబ్రవరిలో వెళ్తే ఇళ్లకు తాళాలు, కేంద్రంలో సగం మంది. అది ‘నమోదు తగ్గింది’ కాదు.

---

జవాబు: శైశవవిద్య_పరిశోధన

ఐదేళ్ల వెనకటి లెక్క రాబట్టే ప్రశ్న మిగిలిపోయింది. దానికి పాత రిజిస్టర్లు తవ్వడం కన్నా మంచి దారి ఉంది. ఇప్పుడు మూడు నుంచి పదేళ్ల వయసున్న ప్రతి బిడ్డకూ ఇంటి దగ్గరే ఒక గడి పట్టిక నింపండి. అడ్డంగా ఒక్కో విద్యా సంవత్సరం, అందులో రెండేసి గడులు: బడులు తెరిచినప్పుడు ఎక్కడ, సంక్రాంతికి ఎక్కడ. జవాబు ఇల్లు, అంగన్‌వాడీ, ప్రైవేటు, సర్కారు బడి, ఇంకో ఊరు. అంగన్‌వాడీ, ప్రైవేటు రెండూ అంటే రెండూ రాయాలి.

రెండు గడులు ఎందుకంటే చిన్నపిల్లలు ఒకచోట ఉండరు. ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి చేసిన భారత బాల్యవిద్య ప్రభావ అధ్యయనం దీన్ని చాలా స్పష్టంగా చూపింది. 2011లో నాలుగేళ్లున్న సుమారు 14,000 మంది పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెంబడించారు. అస్సాం, రాజస్థాన్‌లతో పాటు మూడో రాష్ట్రం అప్పటి ఆంధ్రప్రదేశ్, తర్వాత తెలంగాణ. రెండేళ్లు ప్రీస్కూల్, ఆపై ఒకటో తరగతి అన్న వరస కాగితం మీదే ఉంది. పిల్లలు అంగన్‌వాడీ నుంచి ప్రైవేటుకు, అక్కడినుంచి సర్కారు ఒకటో తరగతికి, కొన్నిసార్లు వెనక్కి ప్రీస్కూల్‌కు కదిలారు. ఏడెనిమిదేళ్లకు గానీ కుదురుకోలేదు. ఏడాదికి ఒక్కసారి లెక్క తీస్తే ఈ కదలిక మొత్తం మాయమవుతుంది.

జ్ఞాపకం మీద ఆధారపడుతున్నారు కాబట్టి కొండగుర్తులు పెట్టుకోండి. ‘2021లో ఎక్కడ’ అంటే తల్లికి గుర్తుండదు. ‘కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు’, ‘చిన్నోడు పుట్టినప్పుడు’, ‘మొదటిసారి వ్యాన్ ఎక్కింది ఎప్పుడు’, ‘మొదటి యూనిఫాం ఎప్పుడు కుట్టించారు’ అంటే గుర్తొస్తుంది. పది ఇళ్లలో ఒకదాన్ని రెండో పరిశోధకుడు మళ్లీ అడగాలి. గడుల్లో పదింట ఒకటి కన్నా ఎక్కువ తేడా వస్తే శిక్షణ మళ్లీ ఇవ్వాలి. ఒక లోటు ఉంటుంది: ఊరు వదిలి వెళ్లిపోయిన కుటుంబాలు ఈ లెక్కలోకి రావు. వాళ్లలో ప్రైవేటుకు పంపేవారు ఎక్కువైతే మీ పాత సంవత్సరాల్లో ప్రైవేటు వాటా తక్కువగా కనిపిస్తుంది. వ్యాసంలో అది రాయండి.

ఆడపిల్లలను, మగపిల్లలను విడిగా చూపించడం మరచిపోకండి. అసర్ 2019 చిన్నపిల్లల నివేదికలో నాలుగైదేళ్ల ఆడపిల్లల్లో 56.8 శాతం సర్కారు కేంద్రాల్లో ఉంటే మగపిల్లల్లో అది 50.4 శాతం. ఒకే ఇంట్లో కొడుకు వ్యాన్ ఎక్కి, కూతురు సెంటరుకు నడిచి వెళ్లడం మొత్తం సగటులో కనిపించదు. మీ మండలంలోనూ చూడాల్సిన మొదటి విభజన ఇదేనని నా గట్టి అభిప్రాయం.

ఇక నేర్పు పోలిక. ‘ప్రైవేటు పిల్లలు 12 మార్కులు, అంగన్‌వాడీ పిల్లలు 9 మార్కులు’ అని రాస్తే అది బడి గురించి ఏమీ చెప్పదు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20 చోట్ల సుమారు 3,000 మంది పిల్లలను, రెండు వయసుల జట్లుగా, వెంబడిస్తూ వచ్చింది. పేద ఇళ్ల పిల్లలు అంగన్‌వాడీకి, కాస్త కలిగిన ఇళ్ల పిల్లలు ప్రైవేటుకు చీలిపోవడం బడి మొదలవకముందే జరిగిపోతోందని అందులో తేలింది. తల్లి చదువు, ఇంటి ఆస్తి, ట్యూషన్, ఇంట్లో పుస్తకం ఉందా లేదా ఇవన్నీ కలిసే ఆ మూడు మార్కులు. కనీసం జూలైలో ఒకసారి, మార్చిలో ఒకసారి అదే బిడ్డను పరీక్షించి ఎంత పెరిగిందో పోల్చాలి. మీ దగ్గర ఆరు వారాలే ఉన్నాయి కాబట్టి పోలికను వదిలేసి, ఐదేళ్లవారి సంసిద్ధత ఏ స్థాయిలో ఉందో వర్ణించడానికే పరిమితం కావడం నిజాయితీ.

ముందు చెప్పిన భారత బాల్యవిద్య ప్రభావ అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అంగన్‌వాడీల్లో ప్రీస్కూల్ పని చాలా కొద్దిసేపే జరుగుతోంది. ప్రైవేటులో ఎక్కువసేపు జరుగుతోంది గానీ అది పలక మీద ఏబీసీడీ దిద్దించడం, బట్టీ పట్టించి అప్పజెప్పించడం. రెండు చోట్లా ఐదేళ్ల బిడ్డకు కావలసింది దొరకలేదు, ఐదేళ్లకు ఉండాల్సిన సంసిద్ధత కన్నా పిల్లలు చాలా కింద ఉన్నారు. ఎక్కడ చేరారన్న లెక్క ఎంత బాగా తీసినా, లోపల ఏం జరుగుతోందో చూడకపోతే సగం పనే అయినట్టు.

లోపల మార్పు సాధ్యమేననడానికి తమిళనాడులో మంచి ప్రయోగం ఉంది. గానిమియన్, మురళీధరన్, వాల్టర్స్ 320 అంగన్‌వాడీ కేంద్రాల్లో చేశారు. చీటీ పద్ధతిలో ఎంచిన కేంద్రాలకు ప్రీస్కూల్ కోసమే సగం రోజు పనిచేసే ఒక మనిషిని అదనంగా ఇచ్చారు. బోధన సమయం రెట్టింపైంది. పద్దెనిమిది నెలలకు లెక్కల్లో 0.29, భాషలో 0.46 ప్రామాణిక విచలనాల మెరుగుదల కనిపించింది. పాత టీచర్‌కు పోషకాహారం మీద పెట్టడానికి సమయం మిగిలింది, ఎదుగుదల లోపం కూడా తగ్గింది. కొత్త భవనం లేదు, కొత్త కిట్టు లేదు, ఒక జత చేతులు కలిశాయంతే. సూపర్‌వైజర్ గారు మినీ కేంద్రాల గురించి రాసినదాన్ని దీని పక్కన పెట్టి చదవండి.

పరీక్షాంశాలు పెట్టదలిస్తే నాలుగు చాలు. పొడవు తేడా ఉన్న ఐదు పుల్లలను వరసలో పేర్చడం, రంగును బట్టీ ఆకారాన్ని బట్టీ కార్డులు విడదీయడం, చింతగింజల కుప్పలోంచి అడిగినన్ని తీసివ్వడం, మాటలో మొదటి అక్షరం పట్టుకోవడం. ఒకటి నుంచి ఇరవై వరకు చదవమంటే చాలామంది చదివేస్తారు, ‘ఏడు గింజలు ఇవ్వు’ అంటే గుప్పెడు ఇస్తారు. ఆ తేడాయే మీకు కావలసింది. మొదటి అక్షరం అంశంలో ‘కమల’, ‘కలప’, ‘మడత’ చెప్పి ఏ రెండు ఒకేలా మొదలవుతాయో అడగండి. ఇంగ్లిష్ పరికరాన్ని తర్జుమా చేసి హల్లును విడిగా పలకమంటే తెలుగు బిడ్డ తప్పుతుంది, తప్పు బిడ్డది కాదు. మీ మండలంలో తండాలు, గూడేలు ఉంటే సూచనలు లంబాడీలోనో గోండీలోనో కోయలోనో చెప్పే మనిషి పక్కన ఉండాలి. లేదంటే మీరు కొలిచేది తెలుగు ఎంత వచ్చన్నదే అవుతుంది.

నమూనా గురించి ఒక లెక్క. 120 మంది పిల్లలను నాలుగు కేంద్రాల నుంచి ముప్పై మంది చొప్పున తీసుకోవడం కన్నా పది కేంద్రాల నుంచి పన్నెండు మంది చొప్పున తీసుకోవడం ఎంతో మేలు. ఒకే కేంద్రం పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలిక 0.15 అనుకుంటే మొదటి పద్ధతిలో నమూనా ప్రభావం 1 + 29 × 0.15 = 5.35, అంటే 120 మంది 22 మందితో సమానం. రెండో పద్ధతిలో 1 + 11 × 0.15 = 2.65, అంటే 45 మందితో సమానం. ఖర్చు దాదాపు అంతే, సమాచారం రెట్టింపు.

---

బాల్యవిద్య_స్కాలర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. పోలికను వదిలేసి గడి పట్టిక, సంసిద్ధత వర్ణన మీదే దృష్టి పెడతాను. రెండు సందేహాలు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్న నియమం వల్ల నా వరసలో ఏ ఏడాది అంకె చెడుతుంది? ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలను ఫౌండేషన్ బడులుగా మార్చిన ఏడాదిని ఎలా చూపాలి?

---

జవాబు: జనాభా_లెక్కలు

ఐదు నిండితే ఒకటో తరగతి అన్నది మన దగ్గర పాత అలవాటు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్లను ఒకే పునాది దశగా చేసి, మూడేళ్ల ప్రీస్కూల్ తర్వాత ఆరేళ్లకు ఒకటో తరగతి అంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 ప్రవేశాల నుంచే అమలు చేశాయి. 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు మళ్లీ లేఖ రాసింది. ఏ బడి ఏ ఏడాది మారితే ఆ ఏడాది ఆ బడిలో ఒకటో తరగతి పడిపోయి, యూకేజీ ఉబ్బుతుంది. మరుసటి ఏడాది నుంచి సర్దుకుంటుంది. అందుకే తరగతి వారీ నమోదుతో ధోరణి గీయకండి. సెప్టెంబరు 30 లాంటి ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకు నిండిన వయసును పుట్టిన తేదీనుంచి మీరే లెక్కించి, మూడేళ్లవారు, నాలుగేళ్లవారు, ఐదేళ్లవారు విడివిడిగా చూపండి. నియమం మారినా బిడ్డ వయసు మారదు.

డబ్బు ప్రోత్సాహకం కూడా గుర్తుంచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి గానీ ఇప్పటి తల్లికి వందనం గానీ ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకే. ఐదేళ్ల బిడ్డ అంగన్‌వాడీలో ఉంటే రాదు, ఒకటో తరగతిలో ఉంటే వస్తుంది. ఇది ప్రవేశ వయసును కిందికి లాగుతోందా అన్నది మీ గడి పట్టికతో పరీక్షించదగ్గ ప్రశ్న. ఐదేళ్లవారిలో ఒకటో తరగతి వాటాను పథకం ముందు, తర్వాత చూడండి. కరోనా అదే కాలంలో వచ్చింది కాబట్టి 2020-21ని పక్కన పెట్టి చూడాలి.

ఫౌండేషన్ బడుల విషయంలో పేరు మారింది, బిడ్డ కూర్చునే చోటు చాలా ఊళ్లలో మారలేదు. మీ గడిలో బోర్డు మీది పేరు కాకుండా ‘ఎవరు చెబుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు’ అని రాయండి. అంగన్‌వాడీ టీచరే పాత గదిలో చెబుతుంటే అది అంగన్‌వాడీయే. 2022లో 117వ నంబరు జీవోతో మూడు నుంచి ఐదు తరగతులు చాలాచోట్ల హైస్కూళ్లకు కదిలాయి, 2025లో ఆ ఏర్పాటును మళ్లీ మార్చారు. ఇది మీ వయసువారిని నేరుగా తాకకపోయినా పరోక్షంగా తాకుతుంది. అన్న వెళ్లే బడి దూరమైతే తమ్ముణ్నీ అదే వ్యాన్ ఎక్కిస్తారు. పట్టికలో తోబుట్టువు ఎక్కడ చదువుతున్నారో ఒక గడి కలపండి.

---

జవాబు: సెక్టార్_సూపర్‌వైజర్

అనుమతి సంగతి ఎవరూ రాయలేదు. తెలంగాణలో అయితే జిల్లా సంక్షేమ అధికారికి, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఐసీడీఎస్ ప్రాజెక్టు డైరెక్టర్‌కు మీ విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద దరఖాస్తు ఇవ్వండి, దాని నకలు సీడీపీవోకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి). ఏ కేంద్రాలు, ఏ తేదీలు, ఏ రిజిస్టర్లు చూస్తారో అందులో ఉండాలి. పిల్లల పేర్లు బయటికి పోవని, ఫొటోలు తీయరని ఒక వాక్యం రాయండి. ఎంఈవోకు వేరే లేఖ. ప్రైవేటు బడులకు లేఖ చూపించినా రిజిస్టరు ఇవ్వాలన్న బలవంతం లేదు. ఇవ్వకపోతే ఇంటి దగ్గర అడిగిన సమాచారమే చాలు, ఆగిపోకండి.

పది కేంద్రాలంటే పరిధిలో సుమారు 380 మంది మూడు నుంచి ఆరేళ్లవారు. పదేళ్ల వరకు తీసుకుంటే దానికి రెండింతలకు పైనే. ఇంటికి ఇరవై నిమిషాలు పడుతుంది. మనిషికి రోజుకు పది ఇళ్లు దాటితే గడులు అబద్ధాలతో నిండుతాయి. మూడు నుంచి పదేళ్ల పిల్లలున్న ఇళ్లు ఐదారు వందలు ఉంటాయి కాబట్టి ఇద్దరికీ ఐదు వారాలు ఇళ్లకే పోతాయి. తలల లెక్కకు, తిరిగి అడగడానికి చోటుండదు. కేంద్రాలను పది కన్నా తగ్గించకండి. పెద్ద పిల్లల ఇళ్లలో రెండింట ఒకటి వదిలేయండి, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న ఇల్లు మాత్రం ఒక్కటీ వదలొద్దు. కూలీ ఇళ్లకు పొద్దున ఏడు లోపు, లేదా సాయంత్రం ఆరు తర్వాత వెళ్లాలి. పగలు వెళ్తే నాయనమ్మ దొరుకుతుంది, బిడ్డ ఏ తరగతో ఆమెకు తెలియదు. ‘బడికి పోతుంది’ అని మాత్రం చెబుతుంది.